పిల్లల ఫోన్లకు ఇంటి కట్టుబాట్లు



పిల్లల సోషల్ మీడియా వాడకానికి ఇంట్లో కట్టుబాట్లు ఉండాలా అన్న చర్చ కోయంబత్తూరు, మధుర ప్రాంతాల తెలుగు కుటుంబాలలో ఇప్పుడు పెళ్ళిపందిళ్ళలో సైతం వినవస్తున్నది. ఉండాలనే నా అభిప్రాయం. అందరూ చెప్పే కారణాలు అటుంచి, మనకు వేరొక కారణమున్నది. దానిని మీ పత్రికాముఖంగా మనవి చేయదలచినాను.

నాయకరాజుల కాలం నుంచీ ఇక్కడ స్థిరపడిన మనకు తెలుగు బడిలో వచ్చినది కాదు. మీ పత్రిక చదువగలిగిన వారు మాలో కొందరే. మిగిలినవారికి మాట మాత్రమే నిలిచినది. 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన చట్టంతో బడులలో తమిళం తప్పనిసరి అయినది. దానిని నేను తప్పుపట్టను. ఉన్న ఊరి భాష రావలసిందే. అయితే ఇంటి తెలుగుకు మిగిలిన చోటు రాత్రి భోజనాలవేళ అవ్వ పక్కన కూర్చునే ఆ గంట ఒక్కటే. ఆ గంటనే ఫోను తీసికొన్నది. పిల్లవాడు రీల్సు చూస్తూ, అవ్వ అడిగినదానికి ‘ఊఁ’ అంటాడు. ఆ ‘ఊఁ’ ఏ భాషదో ఎవరు చెప్పగలరు?

చట్టమే చూచుకొంటుందనేవారున్నారు. మధురలోని హైకోర్టు శాఖయే 2019 ఏప్రిల్ 3న టిక్‌టాక్‌ను నిషేధించమని ఆదేశించి, అదే నెల 24న ఆంక్ష ఎత్తివేసినది. 2020 జూన్ 29న కేంద్రమే దానిని నిషేధించినది. మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రాం రీల్సు దిగినవి! ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేండ్లలోపు వారికి ఖాతాలు కూడదన్నది. మన 2023 నాటి డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేండ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటున్నది. ఆ సమ్మతి ఇచ్చేది మళ్ళీ మనమే గదా! పదమూడేండ్లు నిండాలని ఇన్‌స్టాగ్రామే అంటూంటే, పుట్టిన సంవత్సరం మార్చి ఖాతా తెరిచి ఇచ్చే తండ్రులను ఎరుగుదుము.

కట్టుబాటు పిల్లలకు మాత్రమే అయితే నిలువదు. తాతగారు వాట్సాపులో శుభోదయాలు పంపుతూ, తండ్రి అన్నం కలుపుతూ మిల్లు గ్రూపు చూస్తూ, పిల్లను మాత్రం ఫోను పెట్టేయమంటే వింటుందా? రాత్రి ఏడు మొదలు తొమ్మిది వరకు ఇంటిల్లిపాది ఫోన్లూ ఒక్కచోట ఉండాలి. పడకగదిలో ఛార్జింగు పెట్టరాదు. పదమూడు నిండక ఖాతా వద్దు.

పిల్లల పాస్‌వర్డులు తీసికొని చాటుగా చదవడం మాత్రం నాకు సమ్మతం కాదు. స్నేహితురాలికి వ్రాసుకొన్నది తండ్రి చదివినాడని తెలిస్తే, రేపు నిజంగా ఎవడైనా వేధించినప్పుడు ఆ అమ్మాయి నోరు విప్పదు. ఆడపిల్లకొక నియమం, మగపిల్లవానికొకటీ వద్దు. మన ఇండ్లలో ఆ వాడుక గట్టిగానే ఉన్నది: అమ్మాయి ఫోటో పెడితే పరువు పోయిందంటారు, అబ్బాయి రాత్రి ఒంటిగంటదాకా ఆటలాడితే ముచ్చటపడతారు.

ఒక్క మినహాయింపు కోరుతున్నాను. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న అత్తకు పిల్లలు తమిళ అక్షరాలలోనో ఇంగ్లీషు అక్షరాలలోనో తెలుగు వ్రాసి పంపుతున్నారు, వీడియోలో మాట్లాడుతున్నారు. ఆ కాసేపూ ఫోను లెక్కలో వేయకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కోయంబత్తూరు