శ్వేతపత్రం ఎప్పుడూ పాత ప్రభుత్వం మీదేనా?

ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు గారికి,



2014లో గద్దెనెక్కగానే శ్వేతపత్రాలు ఇచ్చారు, 2024లోనూ ఇచ్చారు. రాష్ట్రం అప్పు 9.74 లక్షల కోట్లన్నారు, ప్రతిపక్షం కాదంది. ఎవరి అంకె నమ్మాలి?

ఈ గొడవలోనే 2025 ఆగస్టు 27న రొయ్యలతో సహా మన దేశ సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. మా నిడదవోలు ప్రధానంగా వరి ప్రాంతమే. కానీ రొయ్యల చెరువులున్న భీమవరం వైపు రైలు లైను మా జంక్షన్లోనే చీలుతుంది. అటు రొయ్య ధర పడితే నలిగేది చెరువు రైతు ఒక్కడే కాదు. మేత అరువిచ్చిన డీలరు, పట్టుబడి కూలీలు, ఐసు ఫ్యాక్టరీ వాళ్లు, చివరికి ఇక్కడి బట్టల కొట్టూ. అలాంటప్పుడు ఖజానా ఆదుకుంటుందా, లేక అదే అప్పు కోసం తిరుగుతుంటుందా అన్నదే నా భయం.

పథకాలు వద్దనను. ఉచిత బస్సు మా ఇంటి ఆడవాళ్లకీ అక్కరకొస్తోంది. అడిగేదల్లా, మీ పాలన మీద మీరే ఏటా శ్వేతపత్రం ఇమ్మని. కార్పొరేషన్ల అప్పులకు ప్రభుత్వం ఇచ్చిన గ్యారంటీలూ అందులో ఉండాలి. తేట తెలుగులో రాయించి, బడ్జెట్‌తోపాటే గ్రామ, వార్డు సచివాలయాల బోర్డులకు అంటించండి. ప్రతిపక్షం అధికారంలోకి వచ్చినా ఇదే అడుగుతాను.

ఇట్లు,
ఒక ఓటరు, నిడదవోలు