రెండు నిమిషాల పుట, ముప్పైతొమ్మిది గంటల పని

మన కళాశాల వార్షిక సంచికను ఒక అట్ట వైపు నుండి తెరిస్తే తెలుగు మొదలవుతుంది. రెండవ అట్ట వైపు నుండి తెరిస్తే ఉర్దూ మొదలవుతుంది. రెండు భాషలూ నడుమ ఒకచోట కలుసుకొంటాయి. ఆ కలిసే చోట ఒక బొమ్మల కథను రెండు భాషలలోను వేయవలెనని గత సంవత్సరం సంపాదక వర్గం వారు నిర్ణయించినారు. మంచి నిర్ణయమే. కాని ఆ మాట మాకు తెలియజేసినది సంచిక అచ్చుకు పోవడానికి అయిదు రోజుల ముందు. "ఒక్క పుటే గదా! ఒక ఆదివారం కూర్చుంటే అయిపోదా?" అన్నారు. అయిపోలేదు. ఆ స్థలంలో శుభాకాంక్షల ప్రకటన ఒకటి వచ్చినది.

ఈ సంవత్సరం ఆ పుట సిద్ధమైనది. కథ వ్రాసినది నేను. బొమ్మలు వేసినది నా సహాధ్యాయిని. మొదటి రోజు నుండి చివరి రోజు వరకు మేము పట్టిన కాలాన్ని గంటలతో సహా ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచినాము. మా శ్రమను చాటుకొనవలెనన్న కోరికతో ఈ వ్యాసం వ్రాయుట లేదు. వచ్చే సంవత్సరం నుండి ఈ పుటను యంత్రంతో చేయించినా సరిపోతుందన్న మాట ఒకటి కళాశాలలో వినవస్తున్నది. ఆ నిర్ణయం చేయక ముందు, ఒక పుటకు ఎంత కాలం పడుతుంది, ఆ కాలమంతా ఎక్కడికి పోతుంది అన్నది పాఠకుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచుట నా ఉద్దేశము.

మా కథావస్తువు 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద. పాత నగరంలో పుట్టిన వారికి ఆ వరదను గూర్చి క్రొత్తగా చెప్పనక్కరలేదు. వేలాది ప్రాణాలు పోయినవి. ఉర్దూ రుబాయీలకు పేరొందిన అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలోనే పోగొట్టుకొన్నారు. నేడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టును ఎక్కి సుమారు 150 మంది ఆనాడు బ్రతికి బయటపడినారు. ఆ చెట్టు కథనే ఆరు గడులలో చెప్పదలచినాము: వాన రాత్రి, ఉబికి వచ్చే నది, చెట్టెక్కే జనం, ఒక బిడ్డను పైకి లాగుతున్న చేయి, తెల్లవారిన తరువాతి నీరు, చివరకు నేడు అదే చెట్టు నీడలో కూర్చున్న రోగుల బంధువులు.

ఇక లెక్క. కథను ఆరు గడులకు కుదించి, ప్రతి గడిలో ఏమి కనబడవలెనో చిన్న చిన్న గీతలతో చిత్తుగా వేసుకొనుటకు 4 గంటలు. చెట్టును చూచి వచ్చుటకు, అఫ్జల్‌గంజ్ గ్రంథాలయంలో ఆ కాలపు ఛాయాచిత్రాలను వెదకుటకు 6 గంటలు. పెన్సిలుతో గీయుటకు 9 గంటలు. ఇండియన్ ఇంకుతో దిద్దుటకు 6 గంటలు. మాటల బుడగలలో తెలుగు అక్షరాలకు 2, ఉర్దూ అక్షరాలకు 3. ఒక తప్పును సరిదిద్దుటకు 4. ఉర్దూ వైపు పుటను తిరిగి అమర్చుటకు 5. మొత్తము 39 గంటలు. తరగతులు, ఇంటి పనులు పోగా దొరికిన సమయంలో చేసినాము గనుక ఇది 24 రోజులకు పరచుకొన్నది. పూర్తి అయిన పుటను పఠన మందిరంలో మిత్రులకు ఇచ్చి చూచినాము. ఒక్కొక్కరు చదువుటకు రెండు నిమిషాలు పట్టినది.

ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెడితే కొందరికి నవ్వు వస్తుంది. రెండు నిమిషాల చదువుకు ముప్పైతొమ్మిది గంటలా అని. నా సమాధానం ఇది: పాఠకుడు ఎక్కడా ఆగకుండా రెండు నిమిషాలలో చదివినాడంటే, అతడు ఆగవలసిన చోట్లన్నిటిలోను ముందుగా గీసేవారు ఆగినారని అర్థము. అందుకు రెండు దృష్టాంతాలు మా నోటుపుస్తకంలోనే ఉన్నవి.

మొదటిది, నాలుగు గంటలు పట్టిన ఆ తప్పు. నా సహాధ్యాయిని ఆసుపత్రికి వెళ్ళి చింతచెట్టును ఎదుట పెట్టుకొని శ్రద్ధగా గీసినది. చెట్టు వెనుక కనబడిన గుమ్మటాల భవనాన్ని కూడ గీసినది. మూడవ గడి సిరాతో దిద్దుట పూర్తి అయిన తరువాత నాకు సందేహం కలిగినది. వెదకి చూడగా, ఆ భవనం వరద తరువాతి కాలంలో పూర్తి అయినది. వరద నాటికి ఆ గుమ్మటాలు లేవు! కనుల ఎదుట ఉన్నదానిని ఉన్నట్లు గీసినా చరిత్రకు అబద్ధమే అయినది. తెల్ల కాగితం ముక్కను అతికించి ఆ గడిని మరల గీసినాము. అదే భవనం ఆరవ గడిలో మాత్రము నిలిచినది. అక్కడ దానికి నిలుచు హక్కు ఉన్నది.

రెండవది మన కళాశాలకే ప్రత్యేకమైన చిక్కు. తెలుగు పాఠకుని చూపు ఎడమ నుండి కుడికి నడుస్తుంది. ఉర్దూ పాఠకుని చూపు కుడి నుండి ఎడమకు నడుస్తుంది. కావున గడుల వరుస కూడ మారవలెను. పుటను అద్దంలో చూపినట్లు త్రిప్పివేస్తే సరిపోతుందని మేము మొదట అనుకొన్నాము. త్రిప్పి చూచినాము. బిడ్డకు అందించిన కుడి చేయి ఎడమ చేయి అయినది. పాత నగరం వైపు నిలిచి చూస్తే మూసీ మన ఎడమ నుండి కుడికి, అనగా పడమర నుండి తూర్పునకు ప్రవహిస్తుంది; త్రిప్పిన పుటలో అది తూర్పు నుండి పడమరకు పారినది. ఈ నగరంలో పుట్టినవాడెవడూ దానిని ఒప్పుకొనడు. కనుక బొమ్మలను త్రిప్పకుండా వరుసను మాత్రమే మార్చి, రెండు గడులను ఉర్దూ పుట కొరకు వేరుగా గీయవలసి వచ్చినది.

ఇది మా ఒక్కరి చిక్కు కాదు. జపాను దేశపు బొమ్మల కథలు కూడ కుడి నుండి ఎడమకు నడుస్తాయి. వానిని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు ప్రచురణకర్తలు చాలకాలం పుటలను అద్దంలో వలె త్రిప్పి అచ్చు వేసినారు; కుడిచేతి వాటపు యోధులందరు ఎడమచేతి వాటము వారైనారు. తరువాతి కాలంలో త్రిప్పుట మాని, మూలంలో ఉన్న వరుసలోనే ప్రచురించుట వాడుకలోకి వచ్చినది.

అక్షరాల సంగతి కూడ చెప్పవలెను. తెలుగు అక్షరానికి క్రింద వత్తులకు, పైన గుడులకు చోటు కావలెను. వరుసల మధ్య ఎడము తగ్గితే ఒకదాని వత్తు మరొకదాని తలకట్టును తాకుతుంది. ఉర్దూలోని నస్తాలీఖ్ లిపి ఏటవాలుగా దిగుతుంది. మాట పొడవు పెరిగిన కొలది బుడగ ఎత్తు పెరగవలెను. ఒకే సంభాషణకు రెండు భాషలలో ఒకే బుడగ సరిపోదు. ఉర్దూ అక్షరాలను మా దాదాగారు వ్రాసి ఇచ్చినారు. ఆయన ఛత్తాబజారులో చాలకాలం కాతిబుగా పనిచేసి పెండ్లి పత్రికలు, గోడపత్రికలు వ్రాసినవారు. చేయి కొంచెం వణకుట చేత మూడు గంటలు పట్టినది. పట్టినంత సేపు మేము మాటలాడలేదు.

కాలము విలువ ఎట్టిదో నాకు ఆయన వలననే తెలిసినది. పని అడుగ వచ్చిన వారిని ఆయన మొదట అడిగే ప్రశ్న ఒక్కటే, "ఏ రోజుకు కావలెను?" అని. వెల మాట తరువాత. రోజు కుదరకపోతే వెల మాటే లేదు. చెన్నపట్టణంలో 1927లో మొదలైన 'ముసల్మాన్' అను ఉర్దూ దినపత్రికను కంప్యూటర్లు వచ్చిన తరువాత కూడ కాతిబులు చేతితోనే వ్రాసేవారు. ఒక్కొక్క పుటకు సుమారు మూడు గంటలు పట్టేదని ఆ పత్రికను చూచి వచ్చిన వారు వ్రాసినారు. బొమ్మ లేని, ఉత్త అక్షరాల పుటకే మూడు గంటలు! 1981లో నూరీ నస్తాలీఖ్ అక్షరాలు యంత్రానికి ఎక్కినవి. 1990లలో ఇన్‌పేజ్ వచ్చినది. కాతిబుల చేతిలోని పని పోయినది. దానికి మా దాదాగారు ఎవరినీ నిందించరు. తెల్లవారేసరికి ఇంటింటికి చేరవలసిన పత్రికకు వేగం కావలెనని ఆయనే అంటారు.

విదేశాలలో ఒక్కొక్క బొమ్మల పత్రిక నెలకు ఇరవై పుటలకు పైగా, జపానులో వారానికి దాదాపు ఇరవై పుటలు వెలువడుతున్నవి గదా, వారికి ఎట్లు సాధ్యమైనదని అడుగవచ్చును. అక్కడ ఒకరు పెన్సిలుతో గీస్తారు, ఒకరు సిరాతో దిద్దుతారు, ఒకరు అక్షరాలు వ్రాస్తారు, ఒకరు రంగులు వేస్తారు. జపాను చిత్రకారుని వద్ద సహాయకులు పనిచేస్తారు. అక్కడ గంటలు తగ్గలేదు. పలువురి చేతులకు పంచబడినవి. ఒంటరిగా చేసినవారి లెక్క వేరు. ఆర్ట్ స్పీగెల్మన్ అను అమెరికా చిత్రకారుడు తన తండ్రి అనుభవించిన నాజీ నిర్బంధ శిబిరాల కథను 'మౌస్' అను పేరుతో గీచుటకు దాదాపు 13 సంవత్సరాలు తీసికొన్నాడు. మొదటి భాగం 1986లో, రెండవ భాగం 1991లో వెలువడినవి. అంతా కలిపి సుమారు 300 పుటలు. అనగా నెలకు సగటున రెండు పుటలు. 1992లో దానికి పులిట్జర్ బహుమానం లభించినది. మన 'చందమామ'లో విక్రమార్కుని భుజముపై శవాన్ని నిలిపిన శంకర్ గారు 1950లలో ఆ పత్రికలో చేరి, అది ఆగిపోవు వరకు దాదాపు అరువది ఏండ్లు గీస్తూనే ఉన్నారు. ఆ బొమ్మను మనము ఒక్క క్షణం చూచి పుట త్రిప్పినాము. అయినను నేటికి మరువలేదు.

ఇప్పుడు యంత్రం మాట. ఒక మిత్రుడు ఇదే వరద దృశ్యాన్ని సెల్‌ఫోనులో కృత్రిమ మేధ చేత గీయించి నాకు చూపినాడు. ఒక నిమిషమైనను పట్టలేదు. బొమ్మ అందంగానే ఉన్నది. చెట్టు వెనుక గుమ్మటాలు కూడ ఉన్నవి! నేను నవ్వలేకపోయినాను, ఏలయనగా మేము కూడ మొదట అదే తప్పు చేసినాము. అయితే మాకు ఇరువది నాలుగు రోజులు ఉన్నవి గనుక సందేహపడుటకు వ్యవధి దొరికినది. ఒక నిమిషంలో బొమ్మ వచ్చినప్పుడు సందేహం వచ్చుటకు సమయమేది? యంత్రపు బొమ్మను సరిచూచుటకు కూడ ఎవరో ఒకరు గ్రంథాలయానికి వెళ్ళవలసినదే. ఆ వెళ్ళేవారు గీసేవారే అయితే, మరుసటి సంవత్సరం వారి చేయి ఇంకొక మెట్టు ఎక్కుతుంది. విద్యాలయంలో పని చేయుటకు ప్రయోజనం అదే గదా.

దినపత్రికకు వేగం కావలెనన్నది ఒప్పుకొనవలసినదే. కాని మనది వార్షిక సంచిక. సంవత్సరానికి ఒకసారి వచ్చేదానికి అయిదు రోజుల తొందర ఎందులకు? వ్యాసాలను, కవితలను నెలల ముందే కోరుతున్నాము. బొమ్మను మాత్రము మిగిలిన ఖాళీని నింపుటకు చివర అడుగుతున్నాము. ఆ వరుసను మార్చవలెనన్నదే నా వాదము.

కమిటీ పెద్దలకు నా మనవి మూడు మాటలు. బొమ్మల పుటకు విషయాన్ని సెప్టెంబరులోనే ప్రకటించండి. కనీసము ఆరు వారాల గడువు ఇవ్వండి. డ్రాయింగు కాగితానికి, నిబ్బులకు, ఇంకుకు కొద్దిపాటి మొత్తము కేటాయించండి. ఇంతవరకు ఆ ఖర్చు విద్యార్థులే భరిస్తున్నారు. తెలుగు, ఉర్దూ విభాగాల సంపాదకులను మొదటి రోజే ఒకచోట కూర్చోబెట్టండి. గడుల వరుస, బుడగల కొలత ఆనాడే తేలిపోతే ఉర్దూ పుటకు మేము పెట్టిన అయిదు గంటలలో చాలవరకు మిగిలేవి.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. ఈ సంచిక నడిమి పుటకు వచ్చినప్పుడు రెండు నిమిషాలే చదవండి. అంతకు మించి అడుగను. చదివిన తరువాత వీలైతే ఒకసారి నయాపూల్ దాటి వెళ్ళి ఆ చింతచెట్టును చూచి రండి. మేము గీసిన కొమ్మలలో ఏదైనా తప్పు కనబడితే చెప్పండి. వచ్చే సంవత్సరం గీయువారికి అది పనికివస్తుంది.