పాత పికప్‌కు ఇంటి వైద్యం

మదనపల్లె టమాటా మండీ గేటు దగ్గర పొద్దున్నే ఓ అరగంట నిలబడండి. లోపలికొచ్చే పికప్‌ల వయసు తెలుసుకోవడానికి ఆర్సీలు అడగక్కర్లేదు, నంబరు ప్లేటు చూస్తే చాలు. ‘ఏపీ 03’ అని ఉంటే అది పాత చిత్తూరు జిల్లా సిరీస్. 2019 మొదట్లో రాష్ట్రం మొత్తానికీ ‘ఏపీ 39’ వచ్చింది. కాబట్టి ఏపీ 03 బండి ఏదైనా అంతకుముందే రోడ్డెక్కినట్టు లెక్క. బీఎస్-6 నిబంధన 2020 ఏప్రిల్ 1న మొదలైంది. అంటే ఇవన్నీ బీఎస్-4 బండ్లు, ఇంకా పాతవైతే బీఎస్-3. బొలెరో పికప్‌లు, టాటా 207లు, దోస్త్‌లు, ‘ఛోటా హాథీ’ అని అందరూ పిలిచే టాటా ఏస్‌లు.

కొత్తది కొనే స్తోమత లేక వీటిని లాక్కొస్తున్నారని మనం జాలిపడతాం. ఓనర్లతో కూర్చుని మాట్లాడితే అసలు లెక్క వేరే అని తెలుస్తుంది.

ఈఎంఐ లేని బండి

కొత్త పికప్ ఆన్‌రోడ్ ధర పది లక్షల చుట్టుపక్కల ఉందనుకుందాం. రెండు లక్షలు చేతి నుంచి పెట్టి, మిగతా 8 లక్షలు 11 శాతం వడ్డీతో అయిదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 17,400 రూపాయల ఈఎంఐ. బాడుగ దొరికినా కట్టాలి, దొరక్కపోయినా కట్టాలి.

మా ప్రాంతంలో బాడుగ టమాటాను బట్టి ఉంటుంది. 2023 జులై చివర్లో మదనపల్లెలో మొదటి రకం టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. కోత కూలి కూడా గిట్టక పండిన కాయను చేలోనే వదిలేసిన సీజన్లూ చూశాం. అలాంటప్పుడు బండి ఇంటి ముందు వారం రోజులు ఊరికే నిలబడుతుంది. అప్పు తీరిపోయిన బండి అయితే నిలబడనీ అనుకోవచ్చు. అప్పున్న బండి నిలబడినా మీటరు తిరుగుతూనే ఉంటుంది.

అయితే పాత బండికి ఈఎంఐ లేకపోయినా భయం మాత్రం ఉంటుంది. రాత్రి లోడు ఎత్తుకుని బయల్దేరిన బండి దారిలో ఆగిపోతే వేలం మన కోసం ఆగదు. ఆలస్యంగా చేరిన సరుకుకు ధర తగ్గుతుంది, మళ్లీ పిలవడానికి రైతు ఆలోచిస్తాడు. అందుకే ఇక్కడి ఓనర్లకు పానా పట్టుకోవడం సరదా కాదు. బండి ఆగకుండా చూసుకోవడమే వాళ్లకు లాభం.

పొగ చెప్పే జబ్బు

పుంగనూరు దగ్గర మా మామకు ఒక పాత బొలెరో పికప్ ఉంది. 2523 సీసీ, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. తెల్లారి సెల్ఫ్ కొట్టగానే ఆయన డాష్‌బోర్డు చూడడు, వెనక్కి తిరిగి సైలెన్సర్ వంక చూస్తాడు.

“పొగ రంగు చూస్తే సాలురా అల్లుడా, బండికి యాడ నొప్పో తెలిసిపోతాది” అంటాడు.

ఇందులో మంత్రమేమీ లేదు. నల్ల పొగ వస్తే డీజిల్‌కు తగ్గ గాలి అందడం లేదని అర్థం. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, నాజిళ్లు పాడై ఉండొచ్చు, లోడు మితిమీరి ఉండొచ్చు. నీలి పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోందన్నమాట. రింగులో, వాల్వ్ సీళ్లో, టర్బోనో చూసుకోవాలి. చలికాలం పొద్దున కాసేపు తెల్లగా వచ్చి ఆగిపోతే పర్వాలేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతూ ఉంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఆయిల్ డిప్‌స్టిక్ తీస్తే పాలు కలిపిన కాఫీలా కనిపించిందంటే ఇక బండి కదపకూడదు, షెడ్డుకు కట్టి లాక్కెళ్లాల్సిందే.

ఇంటి దగ్గర చేసుకోగలిగిన పనుల చిట్టా పెద్దదే. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు చేరే గిన్నెను వానాకాలంలో తరచూ వదులు చేసి ఖాళీ చేయాలి. పేపర్ ఎయిర్ ఫిల్టర్‌కు గాలి కొట్టేటప్పుడు లోపలి నుంచి బయటికి కొట్టాలి. బయటి నుంచి కొడితే దుమ్ము మడతల్లోకి ఇంకా దిగిపోతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకు, కమాన్ పట్టీల షాకిళ్లకు గ్రీజు కొట్టాలి. టర్బో ఉన్న బండిని దూరం తోలి ఆపగానే తాళం తిప్పేయకూడదు. ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే ఆ వేడిని ఆయిల్ లాగేస్తుంది. ట్యాంకు ఖాళీ అయి పైపులో గాలి చేరితే, పాత బండ్లలో స్క్రూ వదులు చేసి చేతి పంపు నొక్కుతూ బుడగలు పోయేదాకా డీజిల్ వదలాలి. ‘ఎయిర్ తీయడం’ అంటారు దాన్ని. మా వైపు పదో తరగతి పిల్లలు కూడా చేసేస్తారు.

మా ప్రాంతానికి ప్రత్యేకమైన జబ్బు ఇంకొకటుంది, బోరు నీళ్లు. ఇక్కడ చాలాచోట్ల నీళ్లు గట్టివి. బిందె అడుగున తెల్లగా గార కట్టినట్టే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. ఆ గార వేడిని బయటికి పోనివ్వదు. ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది, చివరికి హెడ్డుకే ఎసరొస్తుంది. కూలెంట్ డబ్బాకు పెట్టే కొన్ని వందలు మిగిల్చామనుకుని పంపు కింద బకెట్ పెడితే, తర్వాత హెడ్డు పనికి వేలల్లో పోయాల్సి వస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంటే పోయండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం మూత ముట్టుకోవద్దు.

ఈ చిన్న పనులకు ఫలితం కూడా లెక్కలో కనిపిస్తుంది. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 11 కిలోమీటర్లు ఇస్తే 273 లీటర్లు తాగుతుంది. శుభ్రమైన ఫిల్టర్, సరిగ్గా గాలి ఉన్న టైర్లతో అదే బండి 12 ఇచ్చిందనుకోండి, 250 లీటర్లు చాలు. 23 లీటర్లు మిగులు. లీటరు 97 రూపాయల లెక్కన నెలకు రెండు వేల పైమాటే.

పాత కిటుకు, కొత్త పైపు

కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే వాక్యంలో కలిపి మాట్లాడే ఒక ఓనర్‌ను కలిశాను. ఆయన దగ్గర పాతదొకటి, బీఎస్-6 ఒకటి, రెండు పికప్‌లున్నాయి. “పాతదాని నొప్పి నాకు దెలుస్తాది. కొత్తది లైటు ఎలిగిస్తాది గానీ నోరిప్పదు. దాని బాస కంప్యూటర్‌కే రావాల” అన్నాడు.

ఆయన కష్టం నిజమే. కొత్త బండ్లలో మసిని పట్టే ఫిల్టర్లు, సెన్సర్లు, అన్నిటినీ నడిపే కంప్యూటర్ ఉంటాయి. స్కానర్ లేకుండా చాలా పనులు అవవు. కానీ వాటి పొగ పాత వాటితో పోలిస్తే చాలా శుభ్రం, అదీ ఒప్పుకోవాలి. బీఎస్-4 డీజిల్‌లో గంధకం 50 పీపీఎం దాకా ఉండొచ్చు, బీఎస్-6లో 10కి మించకూడదు.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. మెకానికల్ పంపు ఉన్న పాత ఇంజిన్లలో ఏ సిలిండర్ కొట్టడం లేదో తెలుసుకోవడానికి, ఇంజిన్ నడుస్తుండగానే ఇంజెక్టర్ పైపు నట్టు ఒక్కొక్కటే వదులు చేసి శబ్దం వినేవాళ్లు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన కిటుకు అది. సీఆర్‌డీఐ ఇంజిన్ మీద అదే పని చేస్తే చెయ్యి పోతుంది. మన టైరులో గాలి ఒత్తిడి మూడు, నాలుగు బార్లుంటే, ఆ పైపులో డీజిల్ ఒత్తిడి 1,000 బార్లు దాటుతుంది. సన్నని ధార సూదిలా చర్మంలోకి దూరుతుంది. పైకి చిన్న చుక్కలాగే కనిపించినా లోపల కండ కుళ్లిపోయేదాకా పోవచ్చు. అలా జరిగితే పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. ఏపీ 03 బండ్లలోనూ సీఆర్‌డీఐ ఇంజిన్లు చాలానే ఉన్నాయి. పానా పెట్టేముందు మీది ఏ రకమో తెలుసుకోండి.

పట్టీ వేస్తే బ్రేక్ పెరగదు

ఇంటి మరమ్మతు దాటి ‘అప్‌గ్రేడ్’ అనే మాట వచ్చినప్పుడు నేను కాస్త ఆగుతాను. కొన్ని అప్‌గ్రేడ్లు బంగారం. హెడ్‌లైట్లకు రిలే పెట్టి కొత్త వైరింగ్ లాగడం, వెనక రిఫ్లెక్టర్ టేపు, రివర్స్ హారన్, నడుముకు ఆసరా ఇచ్చే సీటు లాంటివి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది మాత్రం వెనక కమాన్ కట్టలో రెండు పట్టీలు ఎక్కువ వేయించడం.

దీని లెక్క కూడా చూద్దాం. క్రేట్‌తో కలిపి టమాటా 27 కిలోలనుకుంటే, 1,500 కిలోల పేలోడ్ ఉన్న పికప్‌లో 55 క్రేట్లు పడతాయి. పట్టీలు వేయించి 90 ఎక్కిస్తే 2,430 కిలోలు. బండి సొంత బరువుతో కలిపి చూసినా మొత్తం బరువు పావు వంతుకు పైగా పెరిగింది. పట్టీలు ఆ బరువును మోస్తాయి, బండి వెనక్కి కుంగదు, చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. కానీ డ్రమ్ములు, లైనర్లు, బ్రేక్ సిలిండర్లు, యాక్సిల్ అన్నీ కంపెనీ 1,500 కిలోలకు ఇచ్చినవే. బరువు ఎంత పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి అంత పెరుగుతుంది. వేగం విషయంలో ఇంకా ఘోరం. గంటకు 40 నుంచి 60కి వెళ్తే ఆ శక్తి రెండుంపావు రెట్లవుతుంది.

పలమనేరు నుంచి చిత్తూరు దిగే మొగిలి ఘాట్ ప్రమాదాలకు ఎంత పేరుపడిందో ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. అలాంటి దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. న్యూట్రల్‌లో ఇంజిన్ పట్టు పోతుంది, భారమంతా బ్రేకుల మీదే. ఇక ఇంజిన్ ఆపేస్తే బ్రేక్ బూస్టర్‌కు వాక్యూమ్ ఇచ్చే పంపు కూడా ఆగిపోతుంది. రెండు మూడు తొక్కుళ్ల తర్వాత పెడల్ రాయిలా మారుతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కామో దాదాపు అదే గేరులో దిగాలని పాత డ్రైవర్లు ఊరికే చెప్పలేదు.

చట్టం కూడా ఇదే చెప్తుంది. ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అంటుంది. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 జరిమానా. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఎఫ్‌సీ ఏటా చేయించాలి. వయసు అయిపోయిందని ఢిల్లీలోలాగా మన దగ్గర బండిని ఆపరు. ఎఫ్‌సీ పాస్ కావాలి, అంతే. బాగా చూసుకున్న బండికి అది పెద్ద పరీక్ష కాదు.

అందుకే నా గీత ఇది: ఆయిల్, ఫిల్టర్లు, గ్రీజు, కూలెంట్, బల్బులు, బెల్టులు ఇంటి దగ్గర. బ్రేకులు, స్టీరింగ్, సీఆర్‌డీఐ పైపులు షెడ్డులో, మంచి చేతికి. పంపు స్క్రూ తిప్పి ‘పికప్’ పెంచడం, ఈజీఆర్ మూసేయడం ఎక్కడా వద్దు. ఆ నల్ల పొగ పీల్చేది మన వీధి పిల్లలే.

ఫోనున్న చెయ్యి కూడా పానానే

ఇది చదువుతున్న మీలో చాలామంది ఇళ్లల్లో ఇలాంటి బండి ఉండే ఉంటుంది. నాన్నో మామో దాని కింద పడుకుంటే, మీరు టార్చి పట్టుకుని నిలబడే ఉంటారు. టార్చి పట్టిన ఆ ఫోనుతో ఇంకా చాలా చేయొచ్చు.

సాఫ్ట్‌వేర్‌లో మా పని సగం పాత కోడ్‌ను ఆగకుండా నడిపించడమే. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రాసి పెట్టకపోతే మా బతుకు బస్టాండే. మామ బండికీ అదే పద్ధతి పెట్టాను. ఫోనులో ఒక నోట్: తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చాం, ఎంతైంది. ఏదైనా విప్పేముందు నాలుగు వైపుల నుంచి ఫొటోలు. పాత స్పేర్ పార్ట్ నంబరు ఫొటో. సెన్సర్లున్న బండి అయితే, ఓబీడీ పోర్టు ఎక్కడుందో చూసి ఒక బ్లూటూత్ అడాప్టర్ కొంటే, హెచ్చరిక లైటు దేనికి వెలిగిందో చాలాసార్లు ఫోనులోనే తెలుస్తుంది.

ఇంకొక పని కూడా ఉంది. చెవితో జబ్బు పట్టే మామల తరం పెద్దదవుతోంది. టాపెట్ గ్యాప్ ఎక్కువైతే ఎలా టకటకమంటుందో, బేరింగు పోతే ఎలా మూలుగుతుందో వాళ్లకు తెలుసు, ఎక్కడా రాసి లేదు. ఒక్కో శబ్దాన్నీ రికార్డు చేసి, కింద వాళ్ల మాటల్లోనే అర్థం చెప్పించండి.

ఆయుధపూజకు ఎలాగూ బండి కడుగుతాం, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. ఈసారి పూజకు ముందు రోజు ఒక గంట కేటాయించండి. బ్రేక్ ఆయిల్ మార్చి ఎన్నాళ్లయిందో అడగండి. రెండేళ్లు దాటితే షెడ్డులో మార్పించండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఘాట్‌లో వేడెక్కితే మరిగి పెడల్‌ను ఖాళీ చేస్తుంది. ఆ పని అయ్యాకే నిమ్మకాయలు పెట్టండి.