తెర వెనుక తెలుగు

ప్రతి వృత్తికీ తనదైన పలుకుబడి ఉంటుంది. రైతుకు కాడి, మేడి, కర్రు ఉన్నాయి. నేతగానికి పడుగు, పేక, కండె ఉన్నాయి. వడ్రంగికి బాడిస, ఉలి, చిత్రిక ఉన్నాయి. ఈ మాటలను ఏ పండితుడూ కూర్చి ఇవ్వలేదు. అవి పనిలో పుట్టి, పనితోపాటు తరతరాలుగా సాగివచ్చాయి. చలనచిత్రం కూడా ఒక వృత్తియే. వేలాది కుటుంబాలకు అది జీవనాధారం. 1932లో 'భక్త ప్రహ్లాద'తో వెండితెర తెలుగు పలకడం నేర్చింది. అయితే తెరమీద ఇంత తెలుగు పలికిన పరిశ్రమ తెర వెనుక ఏ భాషలో పనిచేస్తున్నది? చిత్రీకరణ జరిగే చోట ఒక్క గంట నిలబడితే క్లాప్, టేక్, కట్, ట్రాలీ, ఫోకస్, ప్యాకప్ అన్న మాటలే చెవిన పడతాయి.

ఈ విషయంలో రెండు వాదాలు వినిపిస్తాయి. ప్రతి ఆంగ్లపదానికీ తెలుగుమాట కల్పించి తీరాలని కొందరు అంటారు. సాంకేతిక విద్య ప్రపంచమంతటికీ ఒక్కటే కాబట్టి ఆంగ్లపదాలే చాలునని మరికొందరు అంటారు. రెండింటిలోనూ కొంత సత్యమున్నది. కాని రెండూ అసలు లోపాన్ని గుర్తించలేదు.

మొదటి వాదానికి బలమిచ్చే మాటలు తెలుగులో లేకపోలేదు. 'తెర' అన్న పదాన్నే తీసుకోవచ్చు. సినిమా రాకముందే తోలుబొమ్మలాటలో తెల్లని గుడ్డ కట్టి, వెనుక దీపం పెట్టి, దానిపై బొమ్మలను ఆడించేవారు. దానినీ తెర అనే అన్నారు. వెలుగునీడలతో కథ చెప్పే కొత్త సాధనం రాగానే ఆ పాతమాట దానికి చక్కగా ఒదిగింది. సంస్కృత నాటక పరిభాషలో తెర వెనుక చోటును 'నేపథ్యం' అన్నారు. నటుడు పెదవులు కదపగా వేరొకరు పాడే పద్ధతి వచ్చినప్పుడు అది 'నేపథ్యగానం' అయింది. విడివిడి దృశ్యాలను ఒక వరుసలో చేర్చే పనికి 'కూర్పు' అన్న పేరు వచ్చింది. పూలను దండగా కూర్చడం ఎరిగిన జాతికి ఆ మాటను ఎవరూ వివరించనక్కరలేదు. టెలివిజన్ వచ్చాక ఏర్పడిన 'ప్రత్యక్ష ప్రసారం' నేడు క్రికెట్ చూసే పల్లెటూరి బాలునికి సైతం తెలుసు.

అయితే కల్పించిన మాటలన్నీ ఇలా నిలవలేదు. స్క్రీన్‌ప్లేకు 'చిత్రానువాదం' అన్నారు. నేటి తెలుగులో అనువాదమంటే ఒక భాషనుండి మరొక భాషలోకి మార్చడం. పరభాషా చిత్రానికి తెలుగు మాటలు చేర్చి విడుదల చేస్తే దానిని 'అనువాద చిత్రం' అంటారు. మాటలు అటూ ఇటూ అయితే అర్థమే మారిపోతుంది. అందుకే ఆ పదం చిత్రం పేర్లు పడే చోట కనిపించినంతగా రచయితల నోట వినిపించదు. పనివారి నాలుకకు ఎక్కని పదం ఎంత శాస్త్రీయమైనదైనా నిఘంటువులోనే మిగిలిపోతుంది.

ఇక రెండవ వాదం. ఆంగ్లపదం వాడితే ప్రపంచమంతటికీ ఒకే అర్థం తెలుస్తుందన్న నమ్మకం కూడా పూర్తిగా నిలవదు. 'రీరికార్డింగ్' అంటే మన పరిశ్రమలో నేపథ్య సంగీతం సమకూర్చడం. పాశ్చాత్య దేశాలలో మాటలు, సంగీతం, ఇతర శబ్దాలు అన్నింటినీ తగుపాళ్లలో కలిపే పనికి ఆ పేరు. 'కాల్‌షీట్' అక్కడ మరునాటి పనిని తెలిపే కాగితం. ఇక్కడ నటుడు చిత్రానికి కేటాయించే సమయం. అంటే ఆంగ్లపదాలు కూడా తెలుగువారి చేతిలో కొత్త అర్థాలు సంతరించుకున్నాయన్నమాట. కాలాన్ని బట్టి కూడా అర్థాలు మారతాయి. వెయ్యి అడుగుల 35 మిల్లీమీటర్ల రీలు సెకనుకు 24 చిత్రాల వేగంతో సుమారు 11 నిమిషాలు నడిచేది. నేటి యువతకు రీలు అంటే చేతిఫోనులో చూసే చిన్న దృశ్యం.

కనుక పదం ఏ భాషదన్నది అసలు ప్రశ్న కాదు. ఆ పదం వెనుక ఉన్న జ్ఞానం ఏ భాషలో లభిస్తున్నదన్నదే ప్రశ్న. చదువు అంతగా లేని కార్మికుడు సైతం దీపాల పేర్లను, పరికరాల పేర్లను కొద్దికాలంలోనే నేర్చుకుంటాడు. పేరు తెలియడం వేరు, కారణం తెలియడం వేరు. పగటి వెలుగు పడే గదిలో టంగ్‌స్టన్ దీపం పెట్టవలసివస్తే దానిముందు నీలిరంగు పలుచని కాగితం అమర్చమంటారు, అతడు అమరుస్తాడు. ఎందుకో చెప్పేవారు అరుదు. ఆ దీపపు కాంతి సుమారు 3200 కెల్విన్లు, పగటి కాంతి సుమారు 5600 కెల్విన్లు. కొలిమిలో ఇనుము మొదట ఎర్రబడుతుంది. వేడి పెరిగినకొద్దీ పసుపుగా, ఆపైన తెల్లగా వెలుగుతుంది. వేడి ఇంకా పెరిగితే కాంతి నీలివైపు సాగుతుంది. దీపపు వెలుగులోని పసుపును తగ్గించి పగటి వెలుగుతో సమం చేయడానికే ఆ నీలికాగితం. దీనిని కలర్ టెంపరేచర్ అన్నా, వర్ణోష్ణత అన్నా నష్టం లేదు. కమ్మరి కొలిమితో పోల్చి ఎవరైనా తెలుగులో చెబితే అతనికి కారణం తెలుస్తుంది. కారణం తెలిసినవాడు రేపు స్వయంగా నిర్ణయించగలడు. తెలియనివాడు ఎంతకాలమైనా ఆజ్ఞకోసం ఎదురుచూడవలసినదే. తెలుగు మాధ్యమంలో చదివిన యువకుడు ఎందరికో సహాయకుడై, ఛాయాగ్రాహకుడు కాలేకపోవడానికి గల కారణాలలో ఇదొకటి.

ఈ లోపాన్ని సవరించడం అసాధ్యం కాదు. ట్రాలీ, క్రేన్, లెన్స్ వంటి పరికరాల పేర్లను యథాతథంగా ఉంచవచ్చు. రైలును, బస్సును అలాగే స్వీకరించాము కదా. కూర్పు, నేపథ్యగానం, ఛాయాగ్రహణం వంటి నిలిచిన మాటలను వదలక వాడుకోవాలి. కొత్త భావాలకు పదాలు కావలసినప్పుడు పండితులతోపాటు పనివారిని కూడా సంప్రదించాలి. వీటన్నింటికంటె ముఖ్యంగా ఈ కళలను విడమరచి చెప్పే గ్రంథాలు తెలుగులో విరివిగా రావాలి. ఉన్నతవిద్యను తెలుగులో అందించాలన్న ఆశయంతో 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వివిధ శాస్త్రాలకు పారిభాషిక పదకోశాలను వెలువరించింది. చలనచిత్ర, టెలివిజన్ కళలకు కూడా అటువంటి శ్రద్ధ అవసరం.

తెలుగు సినిమాకు మాటలు పుట్టించడం చేతకాదని ఎవరూ అనలేరు. 1957 నాటి 'మాయాబజార్'లో పింగళి నాగేంద్రరావు సృష్టించిన తసమదీయులు, గింబళి, వీరతాడు నేటికీ జనం నోట ఆడుతున్నాయి. ప్రేక్షకుని నవ్వించడానికి అంత చొరవ చూపిన పరిశ్రమ తన పనివానికి తెలివిడి కలిగించడానికి కూడా అంతే చొరవ చూపాలి. తెరమీద వెలిగే భాష తెర వెనుక దీపం పట్టినవానికి కూడా వెలుగు చూపినప్పుడే తెలుగు సినిమా అన్న పేరు సార్థకమవుతుంది.