శివారు బ్యాటరీ

మా పెదనాన్నగారి పొలం కాలువ చివర ఉండేది. తూము దగ్గరి మడులు నిండా నీళ్లతో తొణికిసలాడుతుంటే శివారున నారు ఎండిపోయేది. ఆ సంగతి మళ్లీ మొన్న వేసవిలో, మా ఇంటి మెట్ల కింద గుర్తొచ్చింది.

అక్కడ 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీలు నాలుగు, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి వరుసగా ఉన్నాయి. నాలుగూ ఒకే రోజు కొన్నవే. మొదటిది మాత్రం చాలా ముందే చచ్చిపోయింది. బ్యాటరీలోనే లోపమన్నాడు బిగించిన అబ్బాయి. కాదు. ఇన్వర్టర్‌కు వెళ్లే కేబుళ్లు రెండూ ఆ మొదటిదానికే బిగించి ఉన్నాయి.

లెక్క కట్టి చూశాను. ఒక్కో బ్యాటరీ లోపలి నిరోధం 20 మిల్లీఓములు, మధ్యలోని ఒక్కో కేబుల్ ముక్కది ఒకటిన్నర అనుకుందాం. ఇన్వర్టర్ 100 ఆంపియర్లు లాగితే తలా 25 రావాలి కదా! మొదటిది దాదాపు 36 ఇస్తుంది, చివరిది 18 కూడా ఇవ్వదు. ఇక్కడ తూము దగ్గరున్నదే నష్టపోతుంది, అంతే తేడా. ప్లస్‌ను మొదటిదానికే ఉంచి మైనస్‌ను చివరిదానికి మారిస్తే చాలు: చివరలవి రెండూ 27 లోపు, నడిమివి 23 పైన మోస్తాయి. ఇంకా మేలు కావాలంటే ఒక్కో బ్యాటరీ నుంచి ఒకే పొడుగు కేబుళ్లు రాగి బస్‌బార్‌కు తేవాలి. ఆ అబ్బాయిని తప్పుపట్టను, అతనికి ఎవరూ నేర్పలేదు. బ్యాటరీ అమ్మే దుకాణం వారంటీ కార్డుతో పాటు ఈ కనెక్షన్ల బొమ్మ కూడా గీసివ్వాలి.

ఇప్పుడు పాత ల్యాప్‌టాప్, స్కూటర్ సెల్స్‌తో సొంతంగా ప్యాక్‌లు కట్టుకునే కుర్రాళ్లున్నారు. వాళ్ల ఓపికంటే నాకు గౌరవం. సెల్ సెల్‌నూ పరీక్షించి కూర్చుతారు. భయమల్లా ప్యాక్‌కూ ప్యాక్‌కూ మధ్య వేసే జానెడు తీగ గురించే. నిండిన ప్యాక్‌ను సగం ఖాళీ అయినదానికి కలిపితే ఏమవుతుంది? ఒక్క వోల్టు తేడా, దారిలో మొత్తం 20 మిల్లీఓముల నిరోధం ఉంటే, తగిలించిన క్షణానే 50 ఆంపియర్లు పారతాయి. అందుకే విడివిడిగా నిండా ఛార్జి చేసి, మల్టీమీటర్‌తో చూసి, తేడా వోల్టులో పదో వంతుకు దిగాకే కలపాలి.

ప్రతి ప్యాక్‌కూ సొంత ఫ్యూజు ఉండాలి. ఈ మాట మీద నేను బేరానికి రాను. ఒక ప్యాక్ లోపల షార్టయితే మిగతావన్నీ తమ కరెంటును దానిలోకే కుమ్మరిస్తాయి. ఆ ప్రవాహం ఇన్వర్టర్ దగ్గరి ఫ్యూజు దాకా రానే రాదు. ఇంటి మీటరు పక్కన వాడే ఏసీ బ్రేకరూ పనికిరాదు. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కనుక నిప్పురవ్వ ఆరుతుంది. డీసీలో ఆ సున్నా లేదు, రవ్వ మండుతూనే ఉంటుంది. మీ బ్యాటరీ బ్యాంకు వోల్టేజికి తగిన డీసీ ఫ్యూజే కొనండి.

ఇక లూజు బోల్టు. ఒక్క కీలు దగ్గర 5 మిల్లీఓముల నిరోధం, 100 ఆంపియర్ల కరెంటు ఉంటే అక్కడ పుట్టే వేడి 50 వాట్లు. అది సోల్డరింగ్ ఐరన్ వేడి. తగ్గే వోల్టేజి మాత్రం అర వోల్టే, ఇంట్లో ఎవరికీ తెలియదు. చాలామంది కేబుల్ చివరి లగ్‌కూ టెర్మినల్‌కూ మధ్యన ఇనుప వాషరు పెడతారు. రాగి లగ్ నేరుగా టెర్మినల్ మీద కూర్చోవాలి, వాషరు దాని పైన రావాలి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లన్నీ వేసి, ఒక్కో లగ్‌కూ దాని టెర్మినల్‌కూ మధ్య మిల్లీవోల్టులు చూడండి. మిగతా వాటికన్నా ఎక్కువ చూపిన చోటే మీ జబ్బు ఉంది. ఇన్వర్టర్ ఆపి, ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టి, ఆ బోల్టు విప్పి తుడిచి బిగించండి.