ఇల్లు కొనువేళ బేరము

గడచిన మాసమున ఇంటి పద్దు వ్రాయు విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. అది చదివిన కొందరు "పద్దు వ్రాసి నాలుగు రూపాయలు వెనుక వేసితిమి, ఇక ఇల్లు కొనుటెట్లో చెప్పుడు" అని యడిగిరి. ఉచితమైన ప్రశ్నయే. పావుకిలో పచ్చిమిరపకాయలకు నాలుగంగళ్లు తిరిగెడి మనము, జన్మమున కొకమారు కొనెడి ఇంటి బేరమువేళ మాత్రము లోపల కాఫీ కలుపుచు కూర్చుందుము. మగవారు వసారాలో మాట ముగించి వచ్చి "కుదిరినది" అందురు. ఏమి కుదిరినదో, ఏమి కుదరలేదో, ఆ గోడలనడుమ బ్రదుకవలసిన మనకు ఆ తరువాతగాని తెలియదు. కావున ఇందుకు ఉపదేశమునకంటె మా యింట జరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పుటయే మేలని తలచితిమి.

మేము హుజూర్‌నగరమున పండ్రెండేండ్లు అద్దెయింట నుంటిమి. మావారు బడిపంతులు. 1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినది మొదలు ఈ ప్రాంతము వరిసీమ యైనది. మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాతి నేలలుండుటచే సిమెంటు కర్మాగారములును వెలసినవి. ఇట్టి యూళ్లలో ఇంటి బేరములు కోతలను, పంచాంగమును అనుసరించి నడచును. ధాన్యము అమ్ముడై సొమ్ము చేతికి వచ్చిన దినములలో కొనువారు హెచ్చు. అమ్మువారు బిగువుగా నుందురు. ఆషాఢమున కొనువారుండరు. శుభకార్యములకు పనికిరాదని అందరును మానుకొనెడి ఆ మాసమే ఇల్లు చూచుటకు మంచిదని మా అనుభవము. అప్పుడు అమ్మువారు మాటలాడుటకు తీరికగా నుందురు. అంతకంటె ముఖ్యముగా వాన కురియుచుండును. వాన దాచిపెట్టెడి లోపము లేదు. ఆషాఢమున చూచి, బేరమాడి, శ్రావణమున దస్తావేజు వ్రాయించుకొన్నచో ఆచారమునకును భంగము లేదు.

మేము చూచిన ఇల్లు 140 చదరపు గజముల స్థలమున మూడు గదులది. అమ్మువారు మిర్యాలగూడలో వ్యాపారమున స్థిరపడినవారు. మధ్యవర్తి చెప్పిన వెల 36 లక్షలు. వారణావతమున ధర్మరాజు ఆ క్రొత్తయింట నడుగిడగానే నేతివాసన, లక్కవాసన పసికట్టెనని భారతమున చదివియున్నాము. మేమును వెనుకగదిలో నడుగిడగానే పచ్చి సున్నపువాసన పసికట్టితిమి. ఇల్లంతయు పాతబడియుండగా ఆ యొక్క గోడకే క్రొత్త వెల్లయేల? మారు పలుకక ఇంటికి వచ్చి, మంచి వాన కురిసిన మరునాడు తిరిగి వెళ్లితిమి. వెల్లను చీల్చుకొని చెమ్మ గోడసగము వరకు ప్రాకియుండెను. తాపీమేస్త్రీని తీసికొనిపోయి చూపింపగా పైకప్పు బాగుచేయుటకు 1,20,000 రూపాయలగునని కాగితముపై వ్రాసి ఇచ్చెను. ఉమ్మడి నల్లగొండ జిల్లా ఫ్లోరైడు బాధకు పేరుపడినది గనుక బోరునీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపితిమి. నీరు మంచిదే యని తేలినది. ప్రక్కింటి పెద్దమ్మతో కొళాయికడ అరగంట నిలువబడి, ఆ వీధిలో క్రిందటి యేట అమ్ముడైన రెండిండ్ల వెలలు తెలిసికొంటిమి. మధ్యవర్తికి బేరము తెగినప్పుడే కూలి ముట్టును గనుక అతని నోట వెల ఒకవైపే వినబడును. పెద్దమ్మకు అట్టి పట్టింపు లేదు.

అయితే మేమును ఒక తప్పు చేసితిమి. మొదటినాడు పెరటిలోని తులసికోటను చూచి "ఎంత చక్కగా నున్నది! ఇట్టి పెరడు ఎక్కడ దొరకును!" అని మధ్యవర్తి వినగనే పొగడితిమి. ఆ మాట సాయంకాలమునకు మిర్యాలగూడ చేరెను. ఇల్లు నచ్చినదని తెలిసిన తరువాత వెల దిగుట కష్టము. మెచ్చుకోలు గృహప్రవేశము నాటికి దాచుకొనవలెను.

బేరమునకు కూర్చుండుటకు ముందు రాత్రి పద్దుపుస్తకమున మూడంకెలు వ్రాసికొంటిమి. మొదటి మాట 29 లక్షలు, ఆశ 31, ఎల్ల 33. ఎల్ల ఎట్లు గీచితిమనగా, స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిపి మన రాష్ట్రమున 2021 జూలై నుండి నూటికి ఏడున్నర రూపాయలైనవి. కొనునాటి దరను కచ్చేరిలో అడిగి రూఢిచేసికొనవలెను. దస్తావేజున వ్రాసిన వెల, ప్రభుత్వము కట్టిన విలువ, ఈ రెంటిలో ఏది హెచ్చో దానిపై లెక్కింతురు. 33 లక్షలకు అది 2,47,500 అగును. పైకప్పు 1,20,000. మొత్తము 36,67,500. మా నిలువయు, బ్యాంకువారిచ్చెడి ఋణమును కలిపి 37 లక్షలు. ఇంక ఒక్క లక్ష పెరిగినను అప్పు చేయవలసి వచ్చును. పాండవులు ఐదూళ్లిచ్చినను చాలునని కడపటి కోరికను ముందే నిశ్చయించుకొన్న పిదపనే శ్రీకృష్ణుడు రాయబారమునకు వెళ్లెను. ఎల్ల నెరిగి కూర్చున్నవారికి మాట తడబడదు. ఎల్ల తెలియనివారు ఎదుటివారి ముఖము చూచి వెల పెంతురు.

ఆదివారమునాడు వసారాలో మావారి ప్రక్కన మేమును కూర్చుంటిమి. మావారు 29 అనగా అమ్మువారు నవ్విరి. మేము మేస్త్రీ వ్రాసిన కాగితమును, వీధిలోని వెలలను ఎదుట నుంచితిమి. కారణము చూపక తగ్గింపుమనుట యాచన. కారణము చూపి అడుగుట బేరము. అంతియే గాని ఇంటిని తూలనాడలేదు. అది ఆయన తండ్రి కట్టిన ఇల్లు. తండ్రి కట్టిన గోడను ఎగతాళి చేసినవారికి ఏ కొడుకు వెల తగ్గించును?

ఆయన 34 అనిరి. మేము 30½ అని ఊరకుంటిమి. అంకె చెప్పిన తరువాత ఊరకుండుటయే కష్టము. మావారు రెండుమార్లు నోరు తెరవబోగా మేము మంచినీళ్లు అందించితిమి. ఆయన 33 అనిరి. మేము 31¼. ఇచ్చట గమనింపవలసినది: మా మెట్లు క్రమముగా చిన్నవగుచుండెను. మొదట ఒకటిన్నర, పిదప ముప్పాతిక. ఎల్ల దగ్గరపడినదని దానివలన ఎదుటివారికి తెలియును. ఆ పిదప వెల విడిచి ఇతర విషయములు మాటలాడితిమి. బకాయియున్న ఇంటిపన్ను, కరెంటు బిల్లు ఎవరు కట్టవలెను? పంకాలు, నీళ్లతొట్టి ఎవరివి? ఖాళీచేసి తాళము ఎన్నడిత్తురు? అమ్మకము నాటివరకు ఉన్న పన్నులు అమ్మువారివే యని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెప్పుచున్నది. సాధారణమైన జాగ్రత్తతో కొనువారు కనిపెట్టలేని లోపమును అమ్మువారు తామై చెప్పవలెననియు అందున్నది. ఇవన్నియు తేలి, పంకాలు మాకు విడిచి, 32 లక్షలకు మాట దిగెను. మా ఎల్లకు లక్ష లోపలనే.

అప్పుడు అమ్మువారు కుర్చీ దగ్గరకు లాగికొని మెల్లగా ననిరి: "సారూ, ఒక మాట. ఈ దినమే ఐదు లక్షలు నగదుగా బయానా పెట్టుడు. తెల్లకాగితముపై వ్రాసికొందము. ముప్పదికే ఇచ్చెదను."

మావారి ముఖము వికసించెను. మా మనస్సును కదలినదని ఒప్పుకొనవలెను. రెండు లక్షలనగా మా అమ్మాయి కాలేజీ చదువునకు రెండేండ్ల జీతము. కాని అడుగక తగ్గెడి వెలకు ఎక్కడనో ఒక కారణముండవలెను. మేము అడిగితిమి: "అన్నా, ఈ యిల్లు కట్టినది నాయనగారే గదా! వీలునామా వ్రాసిరా?"

"లేదమ్మా. ఆయన పోయి ఆరేండ్లాయెను. అమ్మయు లేదు."

"తోబుట్టువులెందరు?"

ఆయన క్షణకాలము ఊరకుండి, "ఒక అక్క యున్నది, కోదాడలో. పెండ్లినాడే ఇయ్యవలసినదంతయు ఇచ్చితిమి. ఆమెతో మనకు పనిలేదు" అనిరి.

సోదరీమణులారా! తండ్రి తన స్వార్జితమును వీలునామా లేక విడిచిపోయినచో కొడుకుతో సమముగా కూతురికిని భాగము కలదని 1956 నాటి హిందూ వారసత్వ చట్టము చెప్పుచున్నది. తాతలనాటి ఆస్తిలో సైతము 2005 సవరణచే కూతురు కొడుకుతో సమానురాలైనది. ఆ సవరణనాటికి తండ్రి జీవించియుండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తీర్పు చెప్పెను. పెండ్లినాటి కట్నము ఈ హక్కును చెరుపదు. ఆ యక్క సంతకము లేక మేము కొన్నచో మాకు వచ్చునది ఆయన సగమే. ఉమ్మడి కుటుంబపు నివాసగృహమున ఒకరి భాగము కొన్న పైవారికి ఆ యింట కలిసి కాపురముండు హక్కు సహితము లేదని చట్టము. ముప్పది లక్షలిచ్చి పంపకాల దావా కొనుక్కొందుమన్నమాట.

తెల్లకాగితపు మాటయు అట్టిదే. మన తెలంగాణమున సాదాబైనామాల కథ తెలియని పల్లె లేదు. నమ్మకముపై తెల్లకాగితమున భూములు కొన్నవారు, 2014 జూన్ 2కు పూర్వపు కొనుగోళ్లను క్రమపరచెదమని ప్రభుత్వము 2020లో దరఖాస్తులు పిలిచినప్పుడు, కాగితములు చేతబట్టుకొని ఎంత తిరిగిరో చూచితిమి. నూరు రూపాయలును ఆపైనను వెలగల ఇల్లు రిజిస్టరు దస్తావేజున గాని చేతులు మారదు. బయానాయైనను ఇరువదివేలును, అంతకు మించియు నగదుగా పుచ్చుకొనరాదని 2015 జూన్ 1 నుండి ఆదాయపుపన్ను చట్టమున నిషేధము కలదు. పుచ్చుకొన్నవారికి ఆ మొత్తమంతయు అపరాధరుసుము.

ఇవి చట్టపు మాటలు. ఆ రాత్రి మమ్ము బాధించినది వేరు. తగ్గించిన ఆ రెండు లక్షలు ఎవరివి? తమ్ముడు తన సొమ్ము తగ్గించుకొనలేదు; అక్కకు ఇయ్యనక్కరలేని పదునైదు లక్షలలోనుండి మాకు రెండు పంచిపెట్టెను. మావారు "మనము కాకున్న ఇంకొకరు కొందురు" అనిరి. "కొననిండు. ఆమె భాగముతో మన అమ్మాయిని చదివింపవలదు" అంటిమి. ఆయన చాలసేపు మాటలాడక, దీపమార్పి "సరే" అనిరి.

మరునాడు మావారు వర్తమానమంపిరి: వెల 32 లక్షలే, సొమ్ము బ్యాంకు ద్వారానే, అక్కగారు కూర్చుండవలెను, సంతకము చేయవలెను. అమ్మువారికి కోపము వచ్చెను. పదునొకండు దినములు సమాధానము లేదు. ఈ లోపల మధ్యవర్తి వేరెవరికో ఇల్లు చూపుచున్నాడని విని ఆ వీధివైపు వెళ్లుటయే మానుకొంటిమి. బేరమున లేచి రాగల ధైర్యము ఎల్లకంటె విలువైనదని చెప్పుట సులభమే. ఆ పదునొకండు దినములు మాకు అన్నము సహించలేదు.

పండ్రెండవనాడు అక్కాతమ్ములిద్దరును వచ్చిరి. ఆమె భర్త లేనిది. కుట్టుపనితో ఇద్దరు పిల్లలను పెంచుచున్నది. వెల చెప్పగా విని "మా యింటి వెల నాకు చెప్పినవారు మీరే మొదలు వదినా" అనెను. ఆమె అడిగినది ఒక్కటే: పెరటిలో తల్లి రుబ్బిన రోలు. అది మా బేరమున లేనేలేదు, సంతోషముగా తీసికొనిపొమ్మంటిమి.

ఒప్పందము స్టాంపు కాగితముపై వ్రాయించితిమి. అందు తప్పక నుండవలసినవి ఇవి: మొత్తము వెల, చెక్కుగా ఇచ్చిన బయానా, మిగిలిన సొమ్మునకు గడువు, వారసులందరి సంతకములు, బ్యాంకువారి న్యాయవాది కాగితములు సరిగా లేవన్నచో బయానా తిరిగి ఇయ్యవలెనను షరతు. తండ్రిగారి అసలు దస్తావేజు, మరణధ్రువపత్రము, తహసీలు కచ్చేరివారిచ్చెడి కుటుంబసభ్యుల పత్రము, ఇంటిపన్ను రసీదు, ఆస్తిపై అప్పులు లేవని చూపు ఈ.సి. చూచుకొంటిమి. శ్రావణమున రిజిస్ట్రేషనైనది. పదునారు లక్షలు తమ్మునికి, పదునారు లక్షలు అక్కకు.

ఇక ఒక మాట చెప్పి ముగింతుము. ఆమె సంతకము చేయుచున్నప్పుడు ప్రతి పుటను మాచే చదివించుకొని మరీ చేసెను. చూచుచున్న మాకు సిగ్గు కలిగెను. ఏడేండ్ల క్రిందట పుట్టింట మా అన్న ఒక కాగితము ముందుంచి "ఇక్కడ సంతకము పెట్టు చెల్లీ" అనగా పెట్టితిమి. చిన్ననాడే తండ్రిగారియొద్ద భారతము చదివిన వారము. ఆ కాగితము మాత్రము చదువలేదు. తోబుట్టువునకు విడిచిపెట్టుట తప్పుగాదు. ఏమి విడుచుచున్నామో తెలియక విడుచుట తప్పు. ఈసారి పుట్టింటికి వెళ్లినప్పుడు ఆ కాగితము నకలు అడిగి చదువవలెనని నిశ్చయించుకొంటిమి. మీలో నట్టివారెవరైన నున్నచో మీరును చదువుడు.

రాబోవు మాసమున దస్తావేజును పంక్తి పంక్తిగా చదువు విధమును గూర్చి వ్రాసెదము.