అడగకుండా రాసే పాఠాలు

2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో ఆదిలాబాద్ ప్రభుత్వ బడి టీచరు తొడసం కైలాస్ పేరు చెప్పారు. కృత్రిమ మేధ సాయంతో ఆయన కొలామీలో పాట కట్టినందుకు మెచ్చుకున్నారు. మాకూ సంతోషమే. కొలామీ అనే భాష ఒకటుందని దేశంలో ఎంతోమంది ఆ రోజే విని ఉంటారు. మన రాష్ట్రంలోనూ అప్పుడే విన్నవాళ్లు తక్కువేం కాదు.

ఆ మెప్పును ఆనందంగా అందుకుంటూనే ఒక మాట చెప్పక తప్పదు. ఒక టీచరు తన ఆసక్తి కొద్దీ చేసిన పనికి ఢిల్లీ నుంచి ప్రశంస వచ్చింది. అదే పని బడి లోపల, బడి వేళల్లో జరిపించాల్సిన శాఖలు ఏం చేస్తున్నాయి? కొలాం గూడేనికి వెళ్లి, మీ పిల్లలకు ఏం నేర్పమంటారు, ఏ భాషలో మొదలుపెట్టమంటారు అని అడిగి, విన్న జవాబును బట్టి ఒక్క పుస్తకమైనా మార్చాయా? వేదిక మీద గోండులు గుస్సాడీ నృత్యం ఆడితే చప్పట్లు కొడతాం. ఆ నృత్యం నేర్పిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ఇచ్చాం, 2024లో ఆయన పోతే కన్నీళ్లు పెట్టుకున్నాం. సిలబస్ రాసే గదిలో మాత్రం వాళ్ల భాషల ఊసే ఉండదు.

ఏ కోర్సుకైనా, ఏ ట్రైనింగుకైనా ముందు అడగాల్సినవి కొన్ని ఉంటాయి. నేర్చుకునేది ఎవరు, నేర్చుకున్నది ఎక్కడ వాడతారు, ఇప్పటికే వాళ్లకు ఏం వచ్చు, ఇంకా ఏం రావాలి, వాళ్లంతట వాళ్లు కోరేది ఏమిటి. దీన్ని అవసరాల విశ్లేషణ అంటారు. 1970ల్లో యూరప్‌లో ఇది పెద్ద శాస్త్రమైంది. కానీ అంతకు చాలా ముందే మన ఉపఖండంలో ఈ ఆలోచన నడిచింది. ఢాకా టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1926లో ద్విభాషిత్వం మీద పుస్తకం రాస్తూ, బెంగాల్ పిల్లలకు ఇంగ్లీషు ఎందుకు కావాలి, ఎంత కావాలి, చదవడానికా మాట్లాడటానికా అని ఒక్కొక్కటే విడదీసి అడిగాడు. ఎక్కువమంది పిల్లలు చదువు ముగియకముందే బడి మానేస్తారు కదా, మానేసిన నాటికి వాళ్ల దగ్గర ఏం మిగిలిందో చూసి కోర్సు విలువ కట్టాలన్నాడు. పదేళ్లూ చదివినవాడికే ఫలమిచ్చి, మూడేళ్లకు మానేసినవాడికి ఏమీ ఇవ్వని చదువు ఎక్కువమందికి నష్టమే. చదవడమే ముందు నేర్పాలన్న ఆయన తీర్పు అందరికీ నచ్చకపోవచ్చు. ఆయన వేసిన ప్రశ్న మాత్రం కెరమెరి, తిర్యాణి, సిర్పూర్ మండలాల్లో ఇప్పుడు ఎవరూ వేయని ప్రశ్న.

వేసినవాళ్లు ఒకప్పుడు ఉన్నారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక నిజాం సర్కారుకు గుబులు పట్టింది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పని క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ మీద పడింది. వియన్నాలో చదువుకున్న ఆ మానవశాస్త్రవేత్త భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో కాపురముండి, గోండుల మధ్య తిరిగి, వాళ్ల మాట విన్నాడు. ఆయనకు కనిపించింది ఇది: భూమి కాగితం మీద పోతోంది. పట్టా ఎవరి పేరున ఉందో చదవలేరు. జంగ్లాతోళ్లు (అడవి శాఖవాళ్లు) రాసిచ్చిన రసీదులో ఏముందో తెలియదు. పట్వారీ చదివి చెప్పిందే నిజం.

1943లో మొదలైన గోండు విద్యా పథకం ఆ గోస నుంచి పుట్టింది. మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టారు. గోండు యువకులనే ఏరి టీచర్లుగా తయారుచేశారు. గోండీలో వాచకాలు రాయించారు, వాటిలో గోండుల కథలే పెట్టారు. లిపి దేవనాగరి. అప్పటి ఆదిలాబాద్ కొండల్లో అంగడిలో మరాఠీతో పని పడేది కాబట్టి, ఒక లిపి నేర్చుకుంటే రెండు భాషలు చేతికొచ్చేవి. అక్కడ చదువుకున్నవాళ్లలో కొందరు టీచర్లయితే, కొందరు పట్వారీలూ గుమాస్తాలూ అయ్యారు. ఎవరి రాత వల్ల భూమి పోయిందో ఆ కుర్చీలోకే గోండు పిల్లలు వెళ్లారు.

ఇందులో ఏ నిర్ణయమూ గాలిలోంచి తీసింది కాదు. ఎవరు నేర్పాలన్నది, ఏ లిపి అన్నది, చదివాక ఏ పనికి అన్నది ముందుగా విచారించి తేల్చుకున్నారు. దీన్ని దొరల దయగా మేం పొగడటం లేదు. సర్కారు తుపాకీ పేల్చిన తరువాతే అడిగింది, భీం చనిపోయాకే విన్నది. అయినా విన్నది. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి అర్జీలు తీసుకునే దర్బారు కూడా ఆ 1940ల నాటి ఆనవాయితీయే. మెస్రం వంశస్థుల మహాపూజ జరిగాక ఏటా ఇప్పటికీ ఆ దర్బారు పెడుతున్నారు. ప్రజల అవసరం ప్రజల నోటనే వినడానికి ఇంతకన్నా మంచి చోటు ఏ విశ్వవిద్యాలయం దగ్గరా లేదు.

తరువాత ఏమైంది? 1956లో రాష్ట్రాలు మారాయి, బడి భాష తెలుగైంది, గోండీ వాచకాలు మూలనపడ్డాయి. మళ్లీ 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు. గోండీ, కొలామీ అందులో ఉన్నాయి. ఈసారి తెలుగు లిపి. ఈలోగా గుంజాల గ్రామంలో గోండీ లిపి వెలుగులోకి వచ్చింది, 2018లో యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు నార్నూర్ మండలంలో ఒక గోండు పిల్లకు పరీక్ష రాయడానికి తెలుగు లిపి కావాలి, సరిహద్దు అవతల చంద్రపూర్‌లో ఉన్న చుట్టాలకు ఉత్తరం ముక్క రాయాలంటే దేవనాగరి కావాలి, మాది అని చెప్పుకోవడానికి గుంజాల లిపి కావాలి. మూడూ న్యాయమైన కోరికలే. ఏది ముందు, ఏది ఎప్పుడు, ఏది ఎంత? ఈ లెక్క ఆ పిల్ల తల్లిదండ్రులతో కూర్చుని తేల్చాల్సింది. 2011 జనగణనలో గోండీ మాట్లాడేవాళ్లు దేశంలో 29 లక్షలకు పైనే. కొలామీ వాళ్లు లక్ష దాటి కొంచెం. లక్షమంది భాషకు ఒక తరం బడి అంటే ఆ భాష బతుకే. ఆ నిర్ణయాన్ని హైదరాబాద్‌లో ఎవరో ఫైలు మీద రాసేస్తే సరిపోతుందా?

ఇక మా ఇంటి సంగతి. మేం తెలుగు పత్రిక వాళ్లం, తెలుగు కోసం నిలబడటం మా వ్రతం. 2018లో తెలంగాణ ప్రభుత్వం బడులన్నిటా తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చినప్పుడు మన సాహితీలోకమంతా హర్షించింది. ఆ హర్షంలో ఒక్కరైనా ఉట్నూరు ఏజెన్సీ గురించి మాట్లాడారా? కొలాం పిల్లవాడికి తెలుగు రెండో భాష. వాడి చేతిలో పెట్టేది మాత్రం పుట్టినప్పటి నుంచి తెలుగు మాట్లాడిన పిల్లవాడి కోసం రాసిన వాచకం. రెండో భాషగా తెలుగు నేర్పడానికి వేరే పాఠం కావాలి, వేరే పద్ధతి కావాలి, ఆ పద్ధతిలో తర్ఫీదైన టీచరు కావాలి. ఇంగ్లీషు మన మీద ఎక్కి కూర్చుందని గోల పెట్టే మనం, గోండీ మీద ఎక్కి కూర్చున్న సంగతి ఒప్పుకోవాలి. తెలుగు, ఉర్దూ, మరాఠీ ముచ్చట్లు ఒక్క నోటితో చెప్పిన రచయిత సామల సదాశివ పుట్టింది ఈ ఆదిలాబాద్ గడ్డ మీదే. ఒక భాషను పెంచడానికి ఇంకో భాషను తొక్కనక్కరలేదని ఆయన బతుకే చెప్పింది.

ఆ తరువాత 2022 వచ్చింది. సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియం. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు అచ్చేశారు. టీచర్లకు అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం సాయంతో 9 వారాల ఇంగ్లీషు శిక్షణ అన్నారు, అందులోనూ ఎక్కువ భాగం ఆన్‌లైన్. హుజూరాబాద్ పట్నంలో పాఠం చెప్పే టీచరుకూ, సిగ్నల్ అందని గూడెంలో ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకున్న టీచరుకూ అవసరాలు ఒకటేనా? ఆ గూడెం టీచరు ముందున్నది ఇంగ్లీషుకు ముందు తెలుగు, తెలుగుకు ముందు గోండీ అనే మూడు మెట్లు. ఆ మెట్లు ఎక్కించడం ఎలాగో నేర్పే ట్రైనింగు ఆయనకు కావాలి. ఏటా ట్రైనింగులు జరుగుతూనే ఉంటాయి. రాష్ట్రస్థాయిలో విన్నవాళ్లు జిల్లాలో చెబుతారు, జిల్లాలో విన్నవాళ్లు మండలంలో చెబుతారు. పైనుంచి కిందికి దిగడమే తప్ప, కింది నుంచి పైకి ఒక్క ప్రశ్న ఎక్కదు. ఇది శిక్షణ కాదు, హాజరు. ఈ మాట కటువుగా ఉందని అనుకునేవారు ఏ స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికైనా వెళ్లి వెనక బల్ల మీద కూర్చుని చూడండి.

తల్లిదండ్రులే ఇంగ్లీషు కావాలంటున్నారని జవాబిస్తారు. నిజమే, అంటున్నారు, ఆ కోరికను మేం గౌరవిస్తాం. ఏ ఇంగ్లీషు, దేనికి అని వాళ్లతో కూర్చుని మాట్లాడిందెవరన్నదే మా ప్రశ్న.

కరీంనగర్ వైపు చూడండి. జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి ఊళ్లలో గల్ఫ్ తెలియని ఇల్లు ఉండదు. దుబాయ్, మస్కట్, దోహా పోయినవాళ్ల పైసలతో లేచిన ఇళ్లు ఉన్నాయి, అప్పులు తీరక తిరిగొచ్చిన శవపేటికలూ ఉన్నాయి. ఈ ప్రాంతపు బిడ్డకు ఇంగ్లీషుతో ఎదురయ్యే మొదటి పెద్ద పరీక్ష షేక్‌స్పియర్ కథ కాదు, కంపెనీ కాంట్రాక్టు కాగితం. పదో తరగతి పాసు కానివాడి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరి, పాసైనవాడికి అక్కర్లేదు. పదో తరగతి సర్టిఫికెట్‌కు మా ఊళ్లలో ఉన్న విలువ అంత నేరుగా ఉంటుంది. మరి ఆ పదేళ్ల ఇంగ్లీషులో జీతం ఎంత, ఓవర్‌టైం ఎంత, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలి, నోటీసు ఎన్ని రోజులు అన్న నాలుగు వాక్యాలు చదివి అర్థం చేసుకోవడం ఎక్కడైనా నేర్పామా? సైటులో ఫోర్‌మన్‌తో హిందీ, ఉర్దూ. ఆస్పత్రిలో నర్సుతో మలయాళమో ఇంగ్లీషో. కోర్టుకు వెళ్తే చెల్లేది అరబీ ప్రతి. ఇవీ అసలు అవసరాలు.

2016 నుంచి ఎమిరేట్స్‌లో ఉద్యోగ ఒప్పందాన్ని అరబీ, ఇంగ్లీషుతో పాటు కార్మికుడికి తెలిసిన భాషలోనూ ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. పదకొండు భాషలు గుర్తించారు. అందులో మలయాళం ఉంది, తమిళం ఉంది, బెంగాలీ, నేపాలీ ఉన్నాయి. తెలుగు లేదు. ఉత్తర తెలంగాణ పల్లెలు ఖాళీ అయ్యేంతగా మనవాళ్లు అక్కడ చెమటోడుస్తుంటే, మా వాళ్లకు మా భాషలో కాగితం కావాలని అడిగిన గొంతు మన వైపు నుంచి గట్టిగా లేకపోయింది. ప్రపంచ తెలుగు మహాసభలు జరిపాం, పూర్ణకుంభాలతో అతిథులను ఆహ్వానించాం, అవధానాలు విన్నాం. సిరిసిల్ల కూలీ సంతకం పెట్టే కాగితం తెలుగులో ఉండాలన్న తీర్మానం మన సాహిత్య సభల్లో ఎన్నిసార్లు చేశాం? ఈ ప్రశ్న ప్రభుత్వానికే కాదు, రచయితలకూ వేస్తున్నాం. భాషను ప్రేమించడమంటే పద్యాన్ని కాపాడటమేనని అనుకున్నంత కాలం ఇదే జరుగుతుంది.

మార్లవాయిలో పాటించిన మొదటి సూత్రం, నేర్పేవాడు ఆ భాషవాడై ఉండాలన్నది. దాని మీద కూడా దెబ్బ పడింది. ఏజెన్సీలో టీచరు పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబరు 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమన్నది తీర్పు. న్యాయమూర్తుల తర్కం వాళ్లది. ఒకటో తరగతి పిల్ల ఏడిస్తే ఆ ఏడుపు ఏ భాషలో ఉందో తెలిసిన మనిషి తరగతిలో ఉండాలన్నది మా తర్కం. రిజర్వేషన్ వద్దంటే, ఆ భాష వచ్చి ఉండటాన్నే అర్హతగా పెట్టవచ్చు. గోండీ, కొలామీ, లంబాడీ రాని టీచరును ఆ గూడేలకు వేయకూడదని నియామకాల్లోనే రాయవచ్చు. అలా రాయాలంటే ముందు ఏ బడిలో పిల్లలు ఏ భాష మాట్లాడుతున్నారో లెక్క ఉండాలి. మండలాలవారీగా ఆ లెక్క తీసి బహిరంగంగా పెట్టమని ఉట్నూరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)ను అడుగుతున్నాం. కరీంనగర్, ఆదిలాబాద్ డైట్‌లలో చదివే కాబోయే టీచర్లకు ఆ పని అప్పగించవచ్చు. ఒక్క సెలవుల్లో అయ్యే పని.

రాబోయే నాగోబా దర్బారులో భూమి, రోడ్డు, నీళ్ల అర్జీల పక్కన బడి అర్జీలకు కూడా ఒక బల్ల వేయించాలి. అక్కడ గోండీ తెలిసిన మనిషి కూర్చోవాలి. జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో గల్ఫ్ పోయేవాళ్లకిచ్చే ప్రయాణపూర్వ శిక్షణలో ఏం చెబుతున్నారో, ఏ భాషలో చెబుతున్నారో, తిరిగొచ్చినవాళ్లను పిలిచి అడిగి ఆ పాఠం తిరగరాయాలి. తిరిగొచ్చినవాడికన్నా ఆ కోర్సుకు మంచి సలహాదారు దొరకడు.

వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో నాలుగు పేజీలు ఇందుకే కేటాయిస్తున్నాం. ఏజెన్సీ బడుల టీచర్లు, తల్లులు, గల్ఫ్ నుంచి వచ్చిన అన్నలు తమకు ఏ చదువు అక్కరకొచ్చిందో, ఏది రాలేదో రాసి పంపండి. గోండీలో, కొలామీలో రాసినా అచ్చేస్తాం. లిపి ఏదో మీరే చెప్పండి.